మామ్మగారి ‘అవర్ రెజ్’ కోసం కదిలివచ్చిన అందరికీ

జనవరిలో నేను పెట్టిన చిన్న విన్నపానికి ఇంతమంది పలుకుతారని అనుకోలేదు. మా పక్కింటి ఇంగ్లీషు మామ్మగారికి ఏప్రిల్‌లో 90 నిండుతున్నాయి, ఆవిడ మాటకు ముందు తలచుకొనే ఆర్గన్ విద్వాంసుడు రెజినాల్డ్ డిక్సన్ గురించి మీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఏమైనా చెబితే రాసి పంపండి అని అడిగాను. ఇంగ్లండ్‌లోని ఈ లాంకషైర్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ గోల ఎందుకు, నవ్వుకొని వదిలేస్తారులే అనుకున్నాను. 17 మంది రాశారు. ఇద్దరు ఇంటికే వచ్చారు. వారిలో ఒకరు గోంగూర పచ్చడి తెచ్చారు. ముందు దానికి కృతజ్ఞతలు చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు.

డిక్సన్ ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1904లో షెఫీల్డ్‌లో పుట్టాడు. మూకీ సినిమాలకు తెర పక్కన కూర్చుని వాయించిన తరం మనిషి. 1930లో ఇక్కడి సముద్రతీర పట్టణం బ్లాక్‌పూల్‌లో, టవర్ బాల్‌రూమ్ అనే నాట్యశాలలో ఆర్గన్ ముందు కూర్చున్నాడు, 1970లో లేచాడు. మధ్యలో యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసిన కొన్నేళ్లు తప్ప 40 ఏళ్లూ అక్కడే. జనం ఆయన్ని ‘మిస్టర్ బ్లాక్‌పూల్’ అనేవారు. వేదిక మీదికి ఆర్గన్ కిందనుంచి లేచి వస్తూ ఉండగానే సముద్రతీరం మీద కట్టిన ఓ పాత హుషారు పాట మొదలయ్యేది. ఆ వరస ఇప్పటికీ ఆ ఊళ్లో చిన్న పిల్లవాడిని అడిగినా ఈల వేసి వినిపిస్తాడు.

మా తాతయ్య తెనాలి ప్రాంతంలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. కాబట్టి ఆర్గన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది తిత్తి, మెట్లు, పెట్రోమాక్స్ దీపం. డిక్సన్ వాయించిన టవర్ బాల్‌రూమ్ ఆర్గన్‌ను, వర్లిట్జర్ కంపెనీవాళ్లు చేసినదాన్ని, దగ్గరగా చూశాక ఆ ఊహ ఎంత చిన్నదో తెలిసింది. మనకు కనబడే మూడు వరసల మెట్ల పెట్టె కేవలం పగ్గం, గుర్రాలు వేరే గదుల్లో ఉంటాయి. 14 రకాల గొట్టాల వరసలు, వాటితో పాటు డోళ్లు, తాళాలు, గంటలు, అన్నీ తలుపుల వెనక. వాద్యగాడు కాలితో తొక్కితే ఆ తలుపు రెక్కలు తెరుచుకొని నాదం హాలు మీద పడుతుంది. ఎడమ చెయ్యి నాట్యానికి దరువు వేస్తుంటే కాలు మంద్రం చూసుకుంటుంది, కుడి చెయ్యి పాట నడుపుతుంది. 1929లో పెట్టిన చిన్న ఆర్గన్‌ను తీసి, డిక్సన్ కోరిన తీరులో ఈ పెద్దదాన్ని అమర్చింది 1935లో. అది మామ్మగారు పుట్టిన సంవత్సరం. ఆవిడకు ఇది తెలియదు. ఈ సంగతి పంపిన ప్రెస్టన్ తమ్ముడికి ఆవిడ తరపున ఒక ముద్దు బాకీ ఉంది.

ఇక అసలు సంగతి. డిక్సన్ తమకు చుట్టమని మామ్మగారి నమ్మకం. ఆవిడ తల్లి బర్న్‌లీలో నేతమిల్లు కార్మికురాలు. ఇంట్లో ఎప్పుడు ఆయన ప్రస్తావన వచ్చినా ‘అవర్ రెజ్’ (మా రెజినాల్డ్) అనేదట. ఇక్కడి వాడుకలో పేరు ముందు ‘అవర్’ చేర్చారంటే ఇంటి మనిషి అని అర్థం: అన్నో, తమ్ముడో, మేనల్లుడో. ఆ ఒక్క మాట పట్టుకొని లైబ్రరీలో పనిచేసే మన చెల్లెలు ఒకరు మూడు శనివారాలు జనన, వివాహ రిజిస్టర్లు తిరగేసింది. తల్లివైపు మూడు తరాల వాళ్లూ బర్న్‌లీ చుట్టుపక్కలవాళ్లే. షెఫీల్డ్ డిక్సన్లతో ఎక్కడా ముడి పడలేదు. ఆ సంగతి మామ్మగారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ ముడి విప్పింది నెల్సన్‌లోని వృద్ధాశ్రమంలో పనిచేసే మరో సోదరి. అక్కడున్న 94 ఏళ్ల పెద్దావిడను కదిపితే, “మా వీధిలో అందరం అవర్ రెజ్ అనే అనేవాళ్లం” అందట. ఆ వాక్యం చదివాక నన్ను నేనే తిట్టుకున్నాను. మా ఊరివాళ్లు మా తాతయ్యను ‘మావాడు’ అనలేదా? ఆయన ఊరు వేరు, వంశం వేరు. పద్యం ఎత్తుకొన్న నటుడి శ్రుతి జారితే మెట్టు మీద వేలు ఆపి కాపాడేవాడు కాబట్టి మావాడు. ఆ హార్మోనియాన్నే 1940 నుంచి 1971 దాకా మన ఆలిండియా రేడియో గడప తొక్కనివ్వలేదు. అదే కాలంలో బీబీసీ డిక్సన్ ఆర్గన్‌ను ఇంటింటికీ వినిపించింది. తాతయ్య ఉంటే ఈ సంగతి మీద గంటసేపు తిట్టేవారు. నేను ఒక్క వాక్యంతో ఆపుతున్నాను.

డిక్సన్ పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒకటి ఇచ్చిన బోల్టన్ దంపతులకు కృతజ్ఞతలతో పాటు క్షమాపణలు. దాన్ని తెచ్చిన కొరియర్ సంస్థ పేరు చెప్పను. అట్టపెట్టె మీద ‘పగిలే వస్తువు’ అని ఎర్రగా రాసి ఉన్నా అంచున బీట పడింది. మాంచెస్టర్‌లో చదువుకుంటున్న కుర్రవాడు రాత్రంతా కూర్చుని, సూది ఆ బీట దాటిన ప్రతిసారీ వచ్చే ‘టక్’ శబ్దాన్ని కంప్యూటర్‌లో ఒక్కొక్కటే తీసేశాడు. అడిగితే డబ్బు వద్దని పెసరట్టు పెట్టమన్నాడు.

అది వింటూ మామ్మగారు చెప్పిన కథ మీ అందరికీ చేరవలసింది. మిల్లులో మరమగ్గాల హోరుకు మాట వినబడదు. అందుకని నేతవాళ్లు గొంతు లేకుండా, పెదవులు బాగా కదిపి మాట్లాడుకొనేవారు. ఏటా ఊరి మిల్లులన్నీ ఒకేసారి మూసే వారంలో జనమంతా రైలెక్కి బ్లాక్‌పూల్ వెళ్లేవారు. అలా వెళ్లిన ఈవిడ తల్లి, బాల్‌రూమ్‌లో ఆర్గన్ మోగుతుండగా, అవతలి వైపున్న స్నేహితురాలితో పెదవులతోనే అన్నదట: “ఆ పొడుగాటివాడిని చూడు, అడుగు వెయ్యడం రాదు.” ఆ పొడుగాటివాడూ మిల్లువాడే. చదివేశాడు. నేరుగా వచ్చి, “అయితే నేర్పు” అన్నాడు. ఆయనే మామ్మగారి తండ్రి. నాకైతే రిజిస్టర్లలో దొరకని చుట్టరికం ఇక్కడ దొరికింది. మామ్మగారు మాత్రం ఇప్పటికీ డిక్సన్ తమ బంధువే అంటారు. నేను కాదనలేదు.

పుట్టినరోజున ఆవిడను టవర్ బాల్‌రూమ్‌కు తీసుకెళ్లాం. నెల్సన్ పెద్దావిడ కూడా వచ్చారు. 1899 నాటి హాలు అది. 1956లో అగ్నిప్రమాదం జరిగితే బాగుచేసుకొని 1958లో తెరిచారు. 30,602 చెక్కముక్కలు పేర్చిన నేల. ఆర్గన్ పైకి లేవగానే మామ్మగారి చెప్పు ఆ చెక్క మీద తాళం వెయ్యసాగింది. నాలుగైదు జంటలు నాట్యానికి దిగాయి.

ఫొటోలు అరువిచ్చినవాళ్లు నాకు సందేశం పెట్టండి, మే నెల మొదటి ఆదివారం నేనే వచ్చి తిరిగి ఇస్తాను. కొరియర్‌కు మాత్రం ఇవ్వను.

అన్నట్టు, ఆ రోజు ఆర్గన్ హోరులో మామ్మగారు నా వైపు ఒకసారి చూసి, బల్ల అవతల ఉన్న నెల్సన్ పెద్దావిడతో పెదవులతో ఏదో అన్నారు. ఆవిడ చేతిలో టీ కప్పు ఒలికిపోయేంతగా నవ్వింది. ఏమన్నారో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.