వియత్నాం గురించి తెలుగువారికి తెలుగులోనే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారములు.

హైదరాబాదు నుంచి హనోయికి, హో చి మిన్ నగరానికి నేరుగా విమానాలు మొదలైన తరవాత, మా భీమవరం వంటి ఊళ్లలో కూడా వియత్నాం వెళ్లివచ్చిన కుటుంబాలు తరచుగా తారసపడుతున్నాయి. మీ పత్రికలోనూ ఆ దేశం గురించి యాత్రా వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో హోటళ్ల ఖర్చు, హా లాంగ్ అఖాతంలో పడవ ప్రయాణం, ఫోటోలు తీసుకోదగిన చోట్లు చక్కగానే ఉంటున్నాయి గాని, అక్కడి మనుషులతో ఎలా మెలగాలన్న విషయం దాదాపుగా కనిపించడం లేదు. కనిపించిన నాలుగు మాటలు కూడా ఇంగ్లీషు పుస్తకాల నుంచి దించినట్టుగా ఉంటున్నాయి. ఇంగ్లీషువారికి పేజీలకొద్దీ వివరించవలసిన వియత్నాం మర్యాదలు తెలుగువారికి ఒక్క మాటతో అర్థమవుతాయి. ఆ ఒక్క మాట మనకు ఎవరూ చెప్పడం లేదన్నదే నా బాధ.

అన్నిటికంటే ముందు పిలుపు సంగతి. వియత్నామీయులు మాట్లాడేటప్పుడు 'నేను', 'నువ్వు' అన్న మాటలకు బదులుగా చాలావరకు వరసలే వాడతారు. మనకంటే కొంచెం పెద్దవాడైతే 'ఆన్', అంటే అన్న. పెద్దది అయితే 'చీ', అంటే అక్క. మనకంటే చిన్నవారు ఆడైనా మగైనా 'ఎమ్'. తండ్రి వయసుకు పైబడిన మనిషి 'బాక్', తండ్రి కంటే చిన్నవాడైతే 'చూ'. ఇంగ్లీషు పుస్తకాలు ఈ రెంటినీ అంకుల్ అన్న ఒకే మాటతో సరిపెట్టి, తేడా చెప్పడానికి తంటాలు పడతాయి. మనకైతే పెదనాన్న, బాబాయి అంటే చాలు. స్వాతంత్ర్య పోరాట నాయకుడు హో చి మిన్‌ను ఆ దేశ ప్రజలు నేటికీ 'బాక్ హో' అనే పిలుచుకుంటారు, అంటే ఆయన వారికి పెదనాన్న వరస. తండ్రి చెల్లెలిని 'కో' అని, తల్లి తమ్ముడిని 'కౌ' అని అంటారు. మేనత్తను, మేనమామను విడిగా గుర్తించే భాష మనది కూడా కాబట్టి ఇవి మనకు కొత్తగా అనిపించవు. ఉత్తరాదిన, దక్షిణాదిన వాడుకలోను, ఉచ్చారణలోను కొద్దిపాటి తేడాలు లేకపోలేదు. పరిచయమైన రెండో నిమిషంలోనే వారు మన వయసు అడిగితే అది ఆరా తీయడం కాదు, ఏ వరసతో పిలవాలో తేల్చుకోవడానికే అడుగుతారు. హోటల్లో వడ్డించే అమ్మాయిని చిటిక వేసి పిలిచేవారిని నేను కళ్లారా చూశాను. 'ఎమ్ ఓయ్' అని పిలిస్తే ఆ అమ్మాయి చెల్లెలులా నవ్వుతూ వస్తుంది.

పేర్లలోనూ ఇదే పోలిక ఉంది. వారికి కూడా ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర వస్తాయి, పిలిచేది సొంత పేరుతోనే. 1954లో దియెన్ బియెన్ ఫూ వద్ద ఫ్రెంచి సేనలను ఓడించిన వో న్గుయెన్ జాప్‌ను అందరూ జనరల్ జాప్ అంటారే గాని ఇంటిపేరుతో జనరల్ వో అనరు.

ఇక ఇంట్లోని పూజాపీఠం. దాదాపు ప్రతి ఇంట్లోనూ గతించిన పెద్దల పటాలతో, అగరువత్తులతో, పండ్లతో ఒక పీఠం ఉంటుంది. దుకాణాల్లో నేలమీద చిన్న మందిరంలా కనిపించేది ధన దేవతకు, స్థల దేవతకు సంబంధించినది. మధ్య వియత్నాంలోని హోయి ఆన్ అనే పాత ఊళ్లో మేము బస చేసిన ఇంట ఆ రోజు ఇంటాయన తండ్రికి 'జో' జరుగుతోంది. చంద్రమానం ప్రకారం మరణించిన రోజునే ఏటేటా జరిపే కార్యం అది, మన ఆబ్దికం వంటిదే. పెద్దలకు ఇష్టమైన వంటకాలు ముందుగా పీఠం దగ్గర పెట్టి, ఆ తరవాతే ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుంటారు. మా బృందంలో ఒకరు ఫోటో బాగా రావాలని పీఠం మీది పండును తీసి చేత పట్టుకున్నారు. ఇంటావిడ ఒక్క మాట అనలేదు, చిన్నగా నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వును మావాళ్లు సమ్మతి అనుకున్నారు. నలుగురిలో ఎదుటివారిని చిన్నబుచ్చకూడదని అక్కడివారు నొచ్చుకున్నప్పుడు కూడా చాలాసార్లు అలా నవ్వుతారని మాకు ఆలస్యంగా తెలిసింది. మమ్మల్ని తీసుకువెళ్లిన ట్రావెల్స్‌వారు సామాను ఎన్ని కిలోలు ఉండాలో పదిసార్లు చెప్పారు గాని ఇది ఒక్కసారి కూడా చెప్పలేదు. మన ఇంట తద్దినం రోజున విస్తట్లో వడ్డించినది ఎవరైనా వచ్చి ముట్టుకుంటే మనకెలా ఉంటుందో తలుచుకుంటే చాలు. అన్నం గిన్నెలో, తినడానికి వాడే పుల్లలను (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకూడదన్న నియమం కూడా అక్కడి నుంచి వచ్చినదే, అది చనిపోయినవారి ముందు వెలిగించిన అగరువత్తుల్లా కనిపిస్తుంది.

హోయి ఆన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న 'మీ సన్' అనే పాత గుడుల సముదాయం గురించి మన వ్యాసాల్లో ఒక వాక్యానికి మించి ఉండదు. అక్కడ 4వ శతాబ్దంలో మధ్య వియత్నాంను ఏలిన చంపా రాజ్యపు రాజు భద్రవర్మ భద్రేశ్వరుడి పేర శివాలయం నిర్మించాడు. తరవాతి శతాబ్దాల్లో వెలసిన ఇటుక గుడులలో మిక్కిలి గొప్పది 1969లో అమెరికా బాంబులకు కూలిపోయింది. 1999లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన పురావస్తు శాఖ చేపట్టిన జీర్ణోద్ధరణ పనుల్లో 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. ఇది చదివిన మనవారికి సహజంగానే చేతులు జోడించాలనిపిస్తుంది, జోడించవచ్చు. అయితే అక్కడ నిత్యపూజ లేదు, లింగాలపై నీళ్లు పోయడం, కుంకుమ పెట్టడం, నాణేలు ఉంచడం తగదు. పూజలు నేటికీ జరిగే చోటు చూడాలంటే న్యా ట్రాంగ్‌లోని పో నగర్ దేవి ఆలయానికి వెళ్లాలి. అక్కడ ఒళ్లు కప్పే దుస్తులతోనే లోపలికి వెళ్లాలి. ఫాన్ రాంగ్ అన్న ఊరి పేరు పాండురంగ అన్న చంపా నాటి పేరు నుంచి వచ్చిందని, ఆ ప్రాంతంలో చంపా వారి సంతతి అయిన చామ్ ప్రజల్లో ఒక వర్గం ఇప్పటికీ ఆ పాత గుడుల్లో కాటే పండుగ జరుపుకుంటుందని తెలిసిన నాడు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

శాకాహారులకు ఒక ముఖ్యమైన మాట. బోర్డు మీద 'చాయ్' అని వినిపించే మాట కనబడితే అది టీ కొట్టు కాదు, శాకాహార భోజనశాల. చాంద్రమాసంలో 1వ రోజున, పున్నమి నాడు చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇటువంటి భోజనం మరింత సులువుగా దొరుకుతుంది. తక్కిన చోట్ల 'కూరగాయలు మాత్రమే' అని చెప్పినా అందులో 'నుక్ మామ్' పడుతుంది. అది చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే రసం, మనకు ఉప్పు ఎలాగో వారికి అది అలాగ. అది వద్దని విడిగా చెప్పుకోవాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. దానికి వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేసుకోవాలి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపాలి. 20 వేల డాంగ్‌ల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, సున్నాలు లెక్కపెట్టి ఇవ్వాలి. దసరా సెలవులు మనకు వీలే గాని, అక్టోబరు, నవంబరు నెలల్లో హోయి ఆన్ పరిసరాల్లో వానలు, వరదలు ఎక్కువ. టెట్ పండుగ రోజుల్లో, అంటే సాధారణంగా జనవరి 21, ఫిబ్రవరి 20 తేదీల మధ్య వచ్చే వారి సంవత్సరాదికి, ఊళ్లకు వెళ్లేవారితో రైళ్లు నిండిపోతాయి, చాలా దుకాణాలు మూసే ఉంటాయి.

మీరు ఇకమీదట వియత్నాం గురించి వ్యాసం వేసినప్పుడు ఆ వరసల పట్టికను, తెలుగు వరసలు పక్కనే ఉండేట్టుగా, ఒక మూల అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. ఉచ్చారణను వియత్నాం భాష వచ్చినవారితో ఒకసారి సరిచూపించడం కూడా అవసరం. ఆ భాషలో స్వరం ఎత్తితే ఒక అర్థం, దించితే మరొక అర్థం వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
భీమవరం