మణప్పాడు సిలువ యాత్రకి సాయం చేయండి, టికెట్ల గడువు దగ్గర పడింది

ప్రభువునందు ప్రియమైన అన్నలకు, అక్కలకు, పని కోసం వేరావల్, పారాదీప్, హైదరాబాద్, గల్ఫ్ వెళ్లిన మన ఊరి బిడ్డలందరికీ గుడి యాత్రా కమిటీ తరఫున వందనాలు.

సంగతి నేరుగా చెప్పేస్తాం. సెప్టెంబరు 14న సిలువ పండుగకి తమిళనాడులోని మణప్పాడు వెళ్దామని పూజ అయ్యాక గుడిలోనే అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం కదా. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు కాబట్టి జూలై రెండో వారంలో తీసేయాలి. ఆ వారం దాటితే ఇంతమందికి బెర్తులు దొరకవు. మా చేతిలో ఉన్నది కావలసిన దాంట్లో సగం కూడా లేదు, రాత్రిళ్లు ఇదే టెన్షన్.

వేలాంగణి మాత దగ్గరికి ఏటా ఎవరో ఒకరు వెళ్తూనే ఉన్నారు. మణప్పాడు మాత్రం మనలో చూసినవాళ్లు లేరు. తిరుచెందూరులో రైలు దిగి దక్షిణంగా ఇంకో 18 కిలోమీటర్లు పోతే సముద్రం ఒడ్డున వస్తుంది, మనలాగే వేట మీద బతికే ఊరు. తుపానులో ఓడ విరిగిపోతే, ప్రాణాలతో ఒడ్డుకు చేరితే సిలువ నాటుతానని ఒక పోర్చుగీసు కెప్టెన్ మొక్కుకుని, ఆ ఓడ తెరచాప కొయ్యతోనే సిలువ చేసి దిబ్బ మీద నిలబెట్టాడని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ దిబ్బ మీదే 1581లో సిలువ గుడి కట్టారు. యేసయ్య సిలువ ముక్క అక్కడ ఉందని నమ్మి పండుగకి జనం వస్తారు. 1542లో ఆ తీరానికి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ శౌరివారు (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) ప్రార్థన చేసుకున్న గుహ కూడా అక్కడే ఉంది, ఉప్పు సముద్రం పక్కనే అందులో మంచినీళ్ల బావి. ఆయన చేతిగంట మోగిస్తూ వీధుల్లో తిరిగి, పిల్లల్ని పోగుచేసి, వాళ్ల భాషలోనే జపాలు నేర్పారు. ముత్యాల కోసం సముద్రంలో మునిగే పరవలతో కలిసి బతికిన మనిషి ఆయన. మన గుడిలో ఎన్ని ఇళ్లలో శౌరి అన్న పేరుందో మీకు తెలుసు!

కార్యదర్శిగా నా మనసులో మాట ఒకటి. ఇంజన్లు రాకముందు మన తాతలు వేటకి తీసుకెళ్లిన పాత పడవ తెరచాప కొయ్య ఇంకా ఒడ్డునే పడి ఉంది. దాంతో సిలువ చేయించి, మణప్పాడు తీసుకెళ్లి ఆ గుడిలో ఆశీర్వాదం పొంది, తిరిగి తెచ్చి మన రేవులో నాటాలి. పడవ తోసేముందు మనవాళ్లు సిలువ గుర్తు వేసుకునే చోటే దిమ్మె కట్టాలి. వడ్రంగి మనవాడే, కూలి వద్దన్నాడు. ఇనుము, సిమెంటు, రంగు, రవాణా మనమే పెట్టుకోవాలి. ఖర్చెందుకు, వచ్చే ఏడు చూద్దామని కొందరన్నారు. ఆ కొయ్య ఇంకో వానాకాలం ఆగదు అన్నలారా, అడుగుభాగం ఇప్పటికే చెద పట్టింది.

మిగతా ఖర్చు టికెట్లు, బస, భోజనం, అన్నీ కలిపి మనిషికి సుమారు 5 వేలు. ఇవ్వగలిగినవాళ్లు తమది తాము ఇచ్చేశారు. మేం అడుగుతున్నది సముద్రంలో భర్తల్ని పోగొట్టుకున్న మన అక్కల కోసం, నడవగలిగిన ముసలివాళ్ల కోసం. పైసల లెక్క గుడి బోర్డు మీద రాశాం, ఎవరైనా చూసుకోవచ్చు.

తిత్లీ తుపానుకి గుడి రేకులు ఎగిరిపోయినప్పుడు మీరు అడక్కుండానే పంపారు, ఆ క్రిస్మస్ పూజ కప్పు కిందే చేసుకున్నాం. ఆ మేలు మర్చిపోలేదు. ఈసారి ఏమైందో, గ్రూపులో దండం బొమ్మలు వస్తున్నాయి గానీ డబ్బు రావడం లేదు. సర్కారు నిషేధం వల్ల జూన్ 14 దాకా 61 రోజులు వేట లేదని, ఇక్కడివాళ్ల చేతులు ఇంకా ఖాళీగానే ఉన్నాయని మీకు చెప్పాలా? బయట జీతం మీద ఉన్నవాళ్లు కాస్త మనసు పెట్టండి. వందైనా సరే.

కోశాధికారి గారి పాత నంబరుకే ఫోన్‌పే చేయండి, పేరూ ఇంటిపేరూ రాయండి. ఎవరి పేరున మొక్కు ఉందో కూడా రాస్తే మణప్పాడు పూజలో చదివిస్తాం. ఈ ఆదివారం రెండో పూజ అయ్యాక లెక్క కట్టి, సోమవారం పొద్దున్నే టికెట్లకి వెళ్తాం. ఆలోగా పంపండి.