పోస్టర్ మీద ఐదుగురి పేర్లూ వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వేసవి వచ్చిందంటే మీ అమెరికా పేజీల్లో నార్త్ కరోలినాలోని మా రాలీ, కేరీ ఊళ్ల చుట్టుపక్కల జరిగే తెలుగు పిక్నిక్‌లు, మేళాల ప్రకటనలు వరసగా వస్తుంటాయి. ఈ మధ్య ఒకటి రెండు చోట్ల మన పాటలు, డ్యాన్సులతో పాటు స్థానిక బ్లూగ్రాస్ బ్యాండ్‌ని కూడా పిలుస్తున్నారు. బ్లూగ్రాస్ అంటే బ్యాంజో, ఫిడేలు, మ్యాండొలిన్ లాంటి తీగ వాయిద్యాలతో పాడే ఇక్కడి జానపద బాణీ సంగీతం. సంతోషం. ఉంటున్న ఊరి సంగీతం మన పిల్లలూ వినాలి కదా.

కానీ ఆ ప్రకటనలు ఒకసారి చూడండి. ముఖ్య అతిథి పేరుంటుంది, స్పాన్సర్ల ఫోటోలుంటాయి, బిర్యానీ ఎవరు వండుతున్నారో కూడా ఉంటుంది. వాయించేవాళ్ల దగ్గరికొచ్చేసరికి ‘లోకల్ బ్యాండ్’ అని రెండు ముక్కలు. మన సంఘాలనే అనడం లేదు, ఇక్కడి పార్కుల్లో జరిగే కార్యక్రమాల కరపత్రాల్లోనూ చాలాసార్లు ఇదే వరస. నేను అడిగేది చిన్న విషయం. ఐదుగురు వస్తే ఐదుగురి పేర్లూ వేయండి, డబ్బు కూడా ఐదుగురికీ లెక్కగట్టి ఇవ్వండి.

పేరు వేయకపోతే ఏం పోయిందంటారా? బేరం దగ్గర తెలుస్తుంది. ‘బ్యాండ్’కి ఇంత అని ఒక మొత్తం అనుకుంటారు. వాళ్లు ఐదుగురమని చెప్పగానే, ‘అంతమంది ఎందుకండీ, ముగ్గురొస్తే చాలదా, పాడేవాడు ఒకడుంటే చాలు కదా’ అంటారు. నేను పనిచేసే ఒక సంఘం కమిటీలోనే ఈ మాట విన్నాను. అన్నాయన మంచివాడే, ఖర్చు తగ్గిద్దామని చూశాడు. పిండి కొద్దీ రొట్టె అనేది ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ ఇద్దరిని తగ్గిస్తే రొట్టె చిన్నదవ్వదు, అసలు రొట్టే కాదు.

సంప్రదాయ బ్లూగ్రాస్‌లో డ్రమ్స్ ఉండవు. తాళం బాధ్యత అందరూ పంచుకుంటారు. బాస్ అనే మనిషంత ఎత్తున్న తీగ వాయిద్యం దెబ్బ మీద దెబ్బ వేస్తుంటే, ఆ దెబ్బల మధ్య ఖాళీలో మ్యాండొలిన్ ‘చక్’ అని తీగలు మూసి కొడుతుంది. దాన్ని వాళ్లు చాప్ అంటారు. ఈ ఇద్దరూ కలిస్తేనే డ్రమ్స్ లేని లోటు తెలియదు. గిటార్ పాట కింద నేలలా ఉంటుంది. బ్యాంజో వాయించేవారు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలికి తీగలు మీటే పిక్‌లు తొడుక్కుని గలగలా స్వరాలు కురిపిస్తారు. ఫిడేలు పాట పల్లవికీ చరణానికీ మధ్య అందుకుంటుంది. వంతులవారీగా ‘బ్రేక్’ వస్తుంది, అంటే ఆ కాసేపూ పాట ఆ మనిషిదే. తర్వాత వెనక్కి తగ్గి పక్కవాళ్లకి తాళం పడతారు. ఇందులో ‘పక్కవాద్యం’ అంటూ ఎవరూ ఉండరు. బాస్ వాయించే మనిషిని మానేయమంటున్నామంటే, డ్రమ్స్‌ని సగం మానేయమన్నట్టే.

ఇది పాత పద్ధతే. బ్లూగ్రాస్ పితామహుడిగా చెప్పే బిల్ మన్రో కెంటకీ రాష్ట్రంలోని రోజీన్ వాడు. అన్న చార్లీతో కలిసి ఇక్కడే, రాలీలోని డబ్ల్యూపీటీఎఫ్ రేడియోలో పాడేవాడు. 1938లో అన్నదమ్ములు విడిపోయిందీ ఈ ఊళ్లోనే. ఆ తర్వాతే బిల్ సొంతంగా బ్లూ గ్రాస్ బాయ్స్ అనే బ్యాండ్ పెట్టుకుని 1939లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న రేడియో కార్యక్రమంలో చేరాడు. సంగీతం పేరు ఆ బ్యాండ్ పేరు నుంచే వచ్చింది. అయినా ఇప్పుడు మనం వినే బాణీ కుదిరింది మాత్రం 1946 రికార్డులతో అని సంగీతం తెలిసినవాళ్లు చెబుతారు. మ్యాండొలిన్ మన్రో, గిటార్ లెస్టర్ ఫ్లాట్, బ్యాంజో ఎర్ల్ స్క్రగ్స్, ఫిడేలు చబ్బీ వైజ్, బాస్ హోవర్డ్ వాట్స్. స్క్రగ్స్ మన నార్త్ కరోలినా వాడే, క్లీవ్‌లాండ్ కౌంటీ. ఆయన పేరుతో అక్కడి షెల్బీ పట్టణంలో పాత కోర్టు భవనంలో మ్యూజియం ఉంది. రాలీ నుంచి మూడు గంటల పైన పడుతుంది గానీ, పిల్లల్ని తీసుకెళ్లదగ్గ చోటు.

పేర్లు రాయకపోతే ఏమవుతుందో కూడా ఈ చరిత్రలోనే ఉంది. మన్రో కుర్రాడిగా ఉన్నప్పుడు డ్యాన్సుల్లో తనతో వాయించిన ఆర్నల్డ్ షుల్ట్జ్ నల్లజాతి కళాకారుడు, గనుల్లో పనిచేసిన మనిషి. 1931లో పోయాడు. ఆయన వాయించిన రికార్డు ఒక్కటీ లేదు. మన్రో జీవితాంతం ఆ పేరు చెబుతూ వచ్చాడు కాబట్టే ఈరోజు మనకి తెలిసింది. ఇక శాలీ ఆన్ ఫారెస్టర్. 1940ల్లోనే ఆమె అదే బ్లూ గ్రాస్ బాయ్స్‌లో అకార్డియన్ వాయించింది. ‘బాయ్స్’ అనే పేరు వెనక ఆమె ఎంతోకాలం కనిపించకుండా పోయింది.

ఇప్పుడే ఈ సంగతి ఎందుకంటే, 2013 నుంచి 2024 దాకా అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంస్థ వార్షిక ఉత్సవం రాలీలోనే జరిగింది. 2025లో టెన్నెసీలోని చాటనూగాకి వెళ్లిపోయింది. పేరున్న పెద్ద బ్యాండ్లు ఎక్కడైనా వాయించుకుంటాయి. పగలు ఉద్యోగం చేసుకుని, సాయంత్రం ఎవరి గ్యారేజీలోనో సాధన చేసే మన ఊరి బ్యాండ్లకి మిగిలేది పార్కులు, లైబ్రరీలు, ఇలాంటి మేళాలే. ‘డబ్బులివ్వలేం గానీ పదిమందికీ తెలుస్తారు’ అని వాళ్లకి చెప్పేటప్పుడు, కనీసం పోస్టర్ మీద పేరు కూడా లేకపోతే ఎవరికి తెలుస్తారు?

ఖర్చు గురించి భయపడేవారికి ఒక మాట. ఈ బ్యాండ్లలో చాలామందికి ఒకే మైకు చుట్టూ నిలబడి వాయించడం అలవాటు. బ్రేక్ వచ్చినవాళ్లు ముందుకొస్తారు, అయ్యాక పక్కకి తప్పుకుంటారు. చూడ్డానికీ భలే ఉంటుంది. సౌండ్ సిస్టమ్‌కి పెట్టే డబ్బులో కొంత మనుషులకి పెట్టొచ్చు. కాకపోతే భోజనాల వేళ కాకుండా, పక్కనే డీజే మోగకుండా ఓ ముప్పావుగంట ఇవ్వాలి. ఒక్క మైకు కదా, దగ్గరికెళ్తే తప్ప వినబడదు. పాలకొల్లులో పుట్టిన మ్యాండొలిన్ శ్రీనివాస్‌ని నెత్తిన పెట్టుకున్న జాతి మనది. అదే వాయిద్యం ఇంకో బాణీలో పలుకుతుంటే ఆ కాసేపు ప్లేటు పక్కన పెట్టి వినలేమా?

మీకూ ఒక విన్నపం. ఈ ప్రకటనలు మీ దగ్గరికి వచ్చినప్పుడు, ‘లోకల్ బ్యాండ్’ అని మాత్రమే ఉంటే సభ్యుల పేర్లు, ఎవరు ఏది వాయిస్తారో అడిగి తెప్పించుకోండి. ఐదు పేర్లకి ప్రకటనలో రెండు లైన్లు చాలు. తెలుగులో రాసే ముందు ఆ పేర్లు ఎలా పలకాలో వాళ్లనే అడగమని నిర్వాహకులకి చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కేరీ, నార్త్ కరోలినా