ర్యామ్ గండం గట్టెక్కించిన అన్నకు

అన్నా, మీ పేరు అడగడం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ షాపులో ప్రింటర్ ఇంకు కోసం వచ్చింది మీరే.

నా కంప్యూటర్‌లో పాత 16 జీబీకి ఇంకో 16 జీబీ ర్యామ్ తోడయ్యాక, గేమ్ పెట్టిన కాసేపటికే బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిపోయేది. షాపులో గ్రాఫిక్స్ కార్డు మార్చాలన్నారు. ఆ రేటు వినగానే నాకు నోట మాట రాలేదు. మీరు పక్క ప్యానెల్ తీయించి, ఫోన్ టార్చి వేసి, ర్యామ్ స్టిక్కుల మీది లేబుళ్లు ఒక్కొక్కటే చదివారు. నాలుగూ డీడీఆర్4, 3600 స్పీడువే, కానీ పాత జత, కొత్త జత టైమింగులు (స్పందించడానికి పట్టే సమయాల లెక్కలు) వేరు. నాలుగూ కలిసి ఎక్స్‌ఎంపీలో, అంటే లేబుల్ మీది పూర్తి స్పీడులో, నడిస్తే ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్‌కి బరువెక్కువవుతుందని చెప్పి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పటి సెట్టింగుల్లో) స్పీడు 3200కి దించారు. వోల్టేజి 1.35 దగ్గరే ఉంచారు.

"రాత్రికి ర్యామ్ చెక్ చేసే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకో తమ్ముడూ, ఒక్క ఎర్రర్ వచ్చినా నమ్మొద్దు" అన్నారు. ఒక్కటీ రాలేదన్నా! స్పీడు తగ్గిన తేడా అయితే నా కంటికి ఆనడం లేదు.

కాఫీకి రమ్మంటే మదనపల్లె బస్సుకి టైమైందని పరుగెత్తారు. చాలా చాలా థాంక్స్. ఈసారి తిరుపతి వస్తే ఆ కాఫీ మాత్రం బాకీ.