ఆడితే అటెండెన్స్ ఉంది, ఆడిస్తే లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను విజయనగరం జిల్లాలో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. పొద్దున్న ఆరింటికి మా ఊరి జడ్పీ హైస్కూల్ గ్రౌండ్‌లో ఆడపిల్లల ఖోఖో టీమ్‌కి ప్రాక్టీస్ చేయిస్తా, ఏడున్నరకి ఇంటికి పరుగు, ఎనిమిది పదికి కాలేజ్ బస్సు. సాయంత్రం బస్సు దిగేసరికి అయిదున్నర దాటిపోద్ది, అప్పటికి పిల్లలెవరూ ఉండరు, కాబట్టి నాకున్నదల్లా ఆ గంటన్నరా, ఆదివారాలూనే. ఇదే గ్రౌండ్‌లో నేనూ ఆడాను, జిల్లా టీమ్‌కి రెండుసార్లు వెళ్లాను, ఇంటర్‌లో మోకాలు పోయాక ఆపేశా.

నన్నెవరూ కోచ్‌గా పెట్టలేదండి, అలా జరిగిపోయింది. మా పీఈటీ మాస్టారు వాలీబాల్ మనిషి, చాలా మంచాయన, కానీ స్కూల్ మొత్తానికి ఆయనొక్కరే, అబ్బాయిల కబడ్డీ ఆయనే చూడాలి, ప్రేయర్ ఆయనే, ఆగస్టు పదిహేను డ్రిల్లూ ఆయనే. ఆరు నుంచి ఎనిమిది దాకా వందమంది పిల్లలు దాటితే ఆటలకి, డ్రాయింగ్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, మా స్కూల్లో అయితే నేను చూళ్లేదు. ఖోఖో అంటే ఊరికే పరిగెత్తడం అనుకుంటారు గానీ కూర్చున్న పిల్ల ఖో వినపడకముందే లేచిపోతే ఫౌల్, చేజింగ్‌లో సెంటర్ లైన్ దాటితే ఫౌల్, పోల్ దగ్గర డైవ్ ఎప్పుడు కొట్టాలో, రన్నింగ్‌లో కూర్చున్నవాళ్ల మధ్య మెలికలు తిరిగే చైన్ ఎలా వెయ్యాలో ఒకళ్లు రోజూ పక్కన నిలబడి చూపిస్తేనే వస్తది. మాకు మ్యాట్ లేదు, సరుగుడు కర్రలు రెండు పాతి ముగ్గుతో గీతలు గీసుకుంటాం. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన ఖోఖో వరల్డ్ కప్‌లో మన అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ నేపాల్ మీద ఫైనల్ గెలిచారు కదా, ఆ మర్నాడు మా పిల్లలు అయిదున్నరకే గ్రౌండ్‌లో ఉన్నారు, నేనే లేట్.

అసలు సమస్య టోర్నమెంట్ల దగ్గర వస్తుంది. స్కూల్ గేమ్స్ మండలం పోటీలు, ఆ తర్వాత జిల్లా, ఇవన్నీ పనిరోజుల్లోనే పెడతారు. పన్నెండు మంది ఆడపిల్లల్ని బస్సులో తీసుకెళ్లాలంటే ఆడమనిషి ఒకరు ఉండాలి, టీచర్లు వస్తే వాళ్ల క్లాసులు ఆగిపోతాయి. "అక్క వస్తుందంటేనే పంపుతాం మాస్టారూ" అని ఇళ్లల్లో అమ్మలే చెప్పేశారు. అది ఉత్త భయం కూడా కాదు, మ్యాచ్ మధ్యలో ఒక పిల్లకి పీరియడ్ వస్తే మాస్టారికి చెప్పలేక కడుపునొప్పి అని ఏడుస్తూ కూర్చుంటది, నేనుంటే బ్యాగులో ప్యాడ్ ఉంటది, అంతే తేడా. బయటివాళ్లకి ఇది చిన్న విషయంలా కనపడొచ్చు.

పోయిన సెమ్‌లో అలా వెళ్లిన రోజులే నా కొంప ముంచాయి. మాకు అటెండెన్స్ పీరియడ్ల లెక్క, మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న రోజు పోతే ఒకేసారి మూడు పోతాయి, నాకు రెండుసార్లు ల్యాబ్ రోజే తగిలింది. సెమ్ చివర్లో 72 పర్సెంట్. రూల్ 75, 65 దాకా కండొనేషన్, అంటే తగ్గిన హాజరుని మాఫీ చెయ్యడం, ఉంది గానీ మెడికల్ కారణం ఉండాలి, ఫీజు కట్టాలి. జరిగింది జరిగినట్టు హెచ్‌ఎం గారి లెటర్ పట్టుకెళ్తే ఆఫీసులో చూసి "ఇది పనికిరాదమ్మా, మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకో" అన్నారు. తెచ్చాను, దాచడమెందుకు. వైరల్ ఫీవర్ అని రాశారు. ఫీవర్ అన్న ఆ మూడు రోజులూ నేను ఎండలో నిలబడి గొంతు పోయేలా అరుస్తున్నా. నిజం రాసిన కాగితం చెల్లలేదు, అబద్ధానిది చెల్లింది, పైగా దానికి ఫీజు కూడా నేనే కట్టా.

తప్పంతా కాలేజీది అనను. ల్యాబ్ రికార్డు టైమ్‌కి రాయకపోవడం నా బద్ధకమే, ఒక మిడ్ పరీక్షలో మార్కులు తగ్గడానికి ఖోఖోకి సంబంధం లేదు, రాత్రి ఫోన్‌కి ఉంది. మా అమ్మయితే "నీకేం వస్తది దీనివల్ల" అని ఇప్పటికీ అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు.

కానీ ఒకటి చూడండి. అదే కాలేజీలో యూనివర్సిటీ టీమ్‌కి ఆడేవాళ్లకి ఆన్ డ్యూటీ ఇస్తారు, అంటే క్లాసుకి రాకపోయినా హాజరు వేస్తారు, ఎన్‌సీసీ క్యాంపుకి ఇస్తారు, ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకి 240 గంటలు లెక్క కడతారు. మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్లకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని 180 గంటలు పెట్టి క్రెడిట్లు కూడా ఇస్తున్నారు, అందులో ఇళ్లకి వెళ్లకుండానే సర్వే ఫారాలు నింపేసి లాగ్‌బుక్ పక్కవాడిది చూసి రాసినవాళ్లు నాకే నలుగురు తెలుసు. ఊరి స్కూల్ టీమ్‌ని ఆడించడం వీటిలో ఏ గడిలోకీ రాదట!

ఇస్తే అందరూ వాడేసుకుంటారు అంటారేమో, నిజమే, వాడుకుంటారు. అందుకే ప్రాక్టీస్‌కి అడగట్లేదు, అది మా టైమ్‌లో మేం చూసుకుంటాం. టోర్నమెంట్ రోజులకి మాత్రం, సెమ్‌కి ఇన్ని రోజులే అని లిమిట్ పెట్టి, స్కూల్ ఎంట్రీ ఫారం మీద హెచ్‌ఎం సంతకం ఉన్నచోటే టీమ్‌తో వచ్చినవాళ్ల పేరు కూడా రాయించి, ఆ కాపీ ఉన్నవాళ్లకి ఆన్ డ్యూటీ ఇవ్వమనండి. స్కూల్ ఎడ్యుకేషన్ వాళ్లూ యూనివర్సిటీల వాళ్లూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఒక్క సర్క్యులర్‌తో పోయే పని ఇది. డబ్బులు అడగట్లేదు, మాకు సర్టిఫికెట్ కూడా వద్దు, ఆ రోజు ఆబ్సెంట్ వెయ్యకపోతే చాలు.

ఇట్లు,
ఒక బీటెక్ విద్యార్థిని,
విజయనగరం జిల్లా