కొలత చీటీ లేని ఇంజిన్ పని

సంపాదకులకు,

అయ్యా,

వానాకాలం నాట్లకు ముందు మా పరకాల, నర్సంపేట ప్రాంతాల్లో పాత ట్రాక్టర్ల ఇంజిన్లు విప్పించే రైతులు ఎక్కువ. ఎనిమిది, తొమ్మిది వేల గంటలు తిరిగిన బండి నీలం పొగ వదులుతూ ఆయిల్ తాగుతున్నప్పుడు, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పించి, పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు అయిన క్రాంక్ షాఫ్ట్ బేరింగులను మాత్రం ఇంకో సీజన్ నడుస్తాయిలే అని వదిలేస్తుంటాం. నేనూ అదే చేశాను. కొత్త రింగులతో బండి బలం పుంజుకున్న మాట నిజమే గాని, కరిగెట్టులో కేజ్ వీల్స్‌తో పదిహేను రోజులు తిరిగేసరికి అడుగు నుంచి టకటక శబ్దం మొదలై, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే ఒక కనెక్టింగ్ రాడ్ బేరింగు క్రాంక్‌ను పట్టేసింది. బేరింగుల దగ్గర మిగుల్చుకున్నదానికి ఎన్నో రెట్లు క్రాంక్ గ్రైండింగుకూ, ఇంజిన్ మళ్లీ విప్పిన కూలికీ పోయింది. నాట్ల అదనులో బండి లేకపోవడం వేరే లెక్క.

మూడు సిలిండర్ల ఇంజిన్‌లో సాధారణంగా క్రాంక్‌ను ఇంజిన్ బ్లాకులో మోసే నాలుగు మెయిన్ బేరింగులు, మూడు కనెక్టింగ్ రాడ్ బేరింగులు ఉంటాయి. క్రాంక్ వీటిని నేరుగా తాకుతూ తిరగదు, మధ్య ఉన్న ఆయిల్ పొర మీద తేలుతుంది. జర్నల్, అంటే క్రాంక్‌లో బేరింగు కూర్చునే గుండ్రటి భాగం, 60 మిల్లీమీటర్లు ఉంటే అక్కడ ఉండవలసిన సందు సుమారు 0.06 మిల్లీమీటర్లే. అది పెరిగినకొద్దీ ఆయిల్ పక్కలకు జారిపోయి, ప్రెజర్ పడిపోయి, లోహం లోహాన్ని రాస్తుంది. రాగి, సీసం కలిసిన రకం బేరింగు మీద బూడిద రంగు పూత పోయి రాగి ఎరుపు కనబడితే దాని పని అయిపోయినట్లే.

అయితే కొలవకుండా కొత్త సెట్టు తెచ్చి బిగించడమూ తప్పే. ప్రతి జర్నల్‌నూ మైక్రోమీటర్‌తో అడ్డంగా, నిలువుగా, రెండు కొసల దగ్గరా కొలవాలి. గీతలు లేకుండా, కంపెనీ చెప్పిన హద్దులో ఉంటే పాలిష్ చేసి అదే సైజు బేరింగులు వేయవచ్చు, గ్రైండింగు ఖర్చు తప్పుతుంది. కోడిగుడ్డులా అరిగితే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు గ్రైండ్ చేయించి, ఆ మేరకు మందం పెరిగిన బేరింగుల సెట్టు (అండర్ సైజు) వేయాలి. లోగడ ఒకసారి గ్రైండ్ అయిందేమో పాత బేరింగు వీపున ఉన్న అంకెను బట్టి తెలుస్తుంది. సందు తగ్గించడానికి బేరింగు వెనుక కాగితమో రేకో పెట్టడం, బేరింగును పట్టి ఉంచే క్యాప్‌ను ఆకురాయితో అరగదీయడం ఇప్పటికీ కొన్నిచోట్ల చూస్తున్నాను. ఇది మరమ్మతు కాదు. గ్రైండింగు తర్వాత క్రాంక్‌లోని ఆయిల్ రంధ్రాలు శుభ్రం చేయకపోతే అందులోని రజను కొత్త బేరింగులను కొద్ది గంటల్లోనే తినేస్తుంది. అరిగిన ఆయిల్ పంపును అలాగే ఉంచినా ఫలితం దక్కదు.

కాబట్టి లేత్ షాపుల వారికి, మెకానిక్‌లకు నా మనవి ఒక్కటే: బిల్లుతో పాటు ఏ జర్నల్ ఎంత ఉంది, బేరింగు బిగించాక సందు ఎంత వచ్చింది అనేది ఒక చీటీ మీద రాసివ్వండి. మా బోటివారికి ఆ అంకెలు అర్థం కాకపోయినా, మరో మెకానిక్‌కు చూపించుకోవచ్చు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఐటీఐలు కూడా మే నెలలో కొన్ని రోజులు, విప్పిన క్రాంక్‌ను రైతులు ఆటోలో వేసుకువస్తే కొలిచి పంపే ఏర్పాటు చేయాలని, అందులో విద్యార్థుల చేయి కూడా తిరుగుతుందని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ట్రాక్టర్ రైతు,
పరకాల, హనుమకొండ జిల్లా