బల్లార్షాలో ఒకసారి దిగరా

ఒరేయ్ శీనూ,

ఢిల్లీ వెళ్తున్నప్పుడల్లా "మీ బల్లార్షా వచ్చిందిరా" అని ఫోన్ చేస్తావు. ప్లాట్‌ఫారం మీద టీ తాగి మళ్లీ రైలెక్కేస్తావు. ఒక్కసారి దిగిన పాపాన పోలేదు. దిగితే నీకు ఇష్టమైన దయ్యాల కోట చూపించనా?

మొన్న ఆదివారం మా చిన్నోడిని తీసుకుని వెళ్లాను. వార్ధా నది ఒడ్డునే ఉంటుంది. గోండు రాజు ఖాండక్యా బల్లాల్ షా కట్టించాడు. ఊరికి పేరు కూడా ఆయనదే. లోపలికి వెళ్లే ద్వారాలు రెండూ ఒకదానికొకటి అడ్డంగా తిరిగి ఉంటాయి. ఏనుగు పరుగెత్తుకొచ్చి రెండో తలుపును గుద్దాలంటే మలుపు దగ్గర ఆగక తప్పదు. మావాడు ఆ మలుపులో నాలుగుసార్లు ఏనుగై పరుగెత్తి, నాలుగోసారి మోకాలు గీరుకున్నాడు.

ఆ రాజుకు ఒళ్లంతా పుండ్లట. వేటకెళ్లి ఝర్పట్ వాగులో ఒక గుంట నీళ్లతో ముఖం కడుక్కుంటే మానిపోయాయట. ఆ చుట్టుపక్కలే ఒక కుందేలు కుక్కను తరమడం కూడా చూశాడట. రాణి సలహా మీద, కుందేలు పరుగెత్తిన దారి వెంట కొత్త ఊరి గోడకు గుర్తులు పెట్టించాడని, చంద్రపూర్ అలా పుట్టిందని ఇక్కడ చెప్పుకుంటారు. మనవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ చాందాయే.

ఇక దయ్యం సంగతి. మా తాత బొగ్గు గనిలో పనికని పెద్దపల్లి నుంచి వచ్చాడు కదా, ఆయన డ్యూటీకి వెళ్లిన రాత్రులు నాయనమ్మ ఈ కథ చెప్పేది. అమావాస్య నాడు నది వైపున్న చిన్న ద్వారం దగ్గర ఒక రాజు నిలబడి, "తలుపు తియ్యండి, తలుపు తియ్యండి" అని మెల్లగా అడుగుతాడట. అరవడట. అందుకే నాకు ఎక్కువ భయమేసేది. "గోండు రాజు తెలుగులో ఎందుకడుగుతాడే?" అంటే, "నాకు అర్థం కావాలి కదరా!" అనేది.

పెద్దయ్యాక చదివితే ఒళ్లు జలదరించింది. ఇక్కడి చివరి గోండు రాజు నీలకంఠ్ షా 1751లో నాగపూర్ భోంస్లేల చేతిలో రాజ్యం పోగొట్టుకుని, ఈ బల్లార్షా కోటలోనే ఖైదీగా చచ్చిపోయాడట. తాతలు కట్టిన కోటే ఆయనకు జైలైంది. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. ఆ కథ ఆమెకు ఎవరు చెప్పారో అడగకుండానే పోయింది.

చిన్నోడికి ఇదంతా చెప్తే, "అయితే ఇప్పుడు తలుపు తీసేశారుగా, ఇంకా ఎందుకున్నాడు?" అన్నాడు. ఏం చెప్పమంటావు? ఐస్‌క్రీం కొనిపెట్టాను.

ఈసారి చెల్లెమ్మను, పిల్లలను తీసుకుని రా. పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు వచ్చేద్దాం. సాయంత్రం మాత్రం వద్దు. దయ్యం భయం కాదులే, ఆ గడ్డిలో పాములుంటాయి.

నీ
రవి